టెల్‌నెట్‌తో మడ్ గేమ్ ఆడటం ఎలా?

బొమ్మలుండవు, శబ్దాలుండవు. నల్లటి తెర మీద అక్షరాలే. అయినా ఆ అక్షరాల వెనక మీలాంటి ఆటగాళ్లే పదులకొద్దీ తిరుగుతుంటారు. మడ్ అంటే మల్టీ యూజర్ డంజన్. 1978లో ఇంగ్లండ్‌లోని ఎసెక్స్ యూనివర్సిటీలో రాయ్ ట్రబ్‌షా దీన్ని మొదలుపెడితే, తర్వాత రిచర్డ్ బార్టిల్ అందుకుని పెంచాడు. ఆ తరహా ఆటల్లో కొన్ని ఇంకా నడుస్తూనే ఉన్నాయి.

1. టెల్‌నెట్ సిద్ధం చేసుకోండి

దూరాన ఉన్న కంప్యూటర్‌లోకి మన కీబోర్డు నుంచే వెళ్లే పాత దారి ఇది, 1969 నాటిది. విండోస్‌లో ఉంటుంది కానీ ఆఫ్ చేసి ఉంటుంది. కంట్రోల్ ప్యానెల్‌లో ప్రోగ్రామ్స్ తెరిచి, 'టర్న్ విండోస్ ఫీచర్స్ ఆన్ ఆర్ ఆఫ్'లో టెల్‌నెట్ క్లయింట్‌కి టిక్ పెట్టండి. కొత్త మ్యాక్‌లలో తీసేశారు, మ్యాక్‌లో ప్రోగ్రామ్‌లు వేసుకోవడానికి వాడే హోమ్‌బ్రూతో వేసుకోవాలి.

2. కనెక్ట్ అవ్వండి

కమాండ్ ప్రాంప్ట్ తెరిచి వరుసగా మూడు ముక్కలు, మధ్యలో ఖాళీ వదులుతూ ఇంగ్లిష్‌లో కొట్టండి: టెల్‌నెట్, ఆట అడ్రస్, పోర్ట్ నంబర్ (అవతలి కంప్యూటర్‌లో ఏ తలుపు తట్టాలో చెప్పే అంకె). ఫిన్లాండ్‌లో 1990లో మొదలైన బ్యాట్‌మడ్‌కైతే అడ్రస్ బ్యాట్ డాట్ ఆర్గ్, పోర్ట్ 23. టెల్‌నెట్‌కి మామూలుగా కేటాయించిన పోర్ట్ కూడా 23 కాబట్టి అది కొట్టకపోయినా నడుస్తుంది.

3. పేరు, పాస్‌వర్డ్

పాస్‌వర్డ్ కొడుతుంటే తెర మీద చుక్క కూడా పడకపోవచ్చు. కీబోర్డు పాడైందని టెన్షన్ పడకండి, అవతలి కంప్యూటరే కనబడకుండా ఆపుతుంది. అయితే ఒక జాగ్రత్త: టెల్‌నెట్‌లో ఏదీ ఎన్‌క్రిప్ట్ కాదు, పాస్‌వర్డ్ కూడా తెరిచిన ఉత్తరంలా దారంతా అలాగే పోతుంది. మెయిల్‌కో బ్యాంకుకో వాడే పాస్‌వర్డ్ ఇక్కడ పొరపాటున కూడా పెట్టొద్దు.

4. నడవండి, మ్యాప్ గీయండి

అసలు ఆట ఇక్కడే. 'లుక్' అని కొడితే మీరున్న గది వర్ణన, బయటికి పోయే దారులు వస్తాయి. ఉత్తరానికి ఎన్, దక్షిణానికి ఎస్, తూర్పుకి ఈ, పడమరకి డబ్ల్యూ. పైకి యూ, కిందికి డీ. 'సే' అని రాసి మాట చేరిస్తే గదిలో ఉన్నవాళ్లందరికీ వినిపిస్తుంది. చేతిలో ఏముందో చూడాలంటే 'ఇన్వెంటరీ'.

పక్కన కాగితం, పెన్సిల్ పెట్టుకోండి. గదికో డబ్బా, దారికో గీత. కొన్ని చోట్ల ప్రతి గది వర్ణనా అక్షరం పొల్లుపోకుండా ఒకటే ఉంటుంది, అక్కడే తిరిగి తిరిగి బుర్ర వేడెక్కుతుంది. అప్పుడు సంచిలోని పనికిరాని వస్తువు ఒకటి నేల మీద పడేయండి. మళ్లీ అదే వస్తువు కనిపించిందంటే తిరిగిన చోటికే వచ్చినట్టు. ఎవరైనా దాన్ని ఎత్తుకుపోతే మాత్రం ఈ ఉపాయం పనిచేయదు!

5. తర్వాత మడ్‌లెట్‌కి మారండి

మీరు సగం టైప్ చేసేలోపు ఎవరో అరుస్తారు, ఆ అరుపు మీ వాక్యం మధ్యలో వచ్చి పడుతుంది. ఒకటి రెండు రోజులు భరించొచ్చు. మడ్ ఆటల కోసమే చేసిన, ఉచితంగా దొరికే ప్రోగ్రామ్ మడ్‌లెట్‌లో మనం టైప్ చేసే గడి కింద విడిగా ఉంటుంది. మొదటి రోజే అది పెట్టుకోవద్దని నా మాట, ఉత్త టెల్‌నెట్ రుచి తెలియాలి కదా.

6. బయటికి రావడం

కిటికీ మూసేస్తే చాలా ఆటల్లో మీ పాత్ర వెంటనే మాయం కాదు, కాసేపు అక్కడే బొమ్మలా నిలబడుతుంది. పక్కన రాక్షసుడుంటే సంగతి చెప్పక్కర్లేదు. 'క్విట్' కొట్టి రండి. తెర బిగుసుకుపోతే కంట్రోల్ నొక్కిపట్టి కుడి చదరపు బ్రాకెట్ కొట్టండి, టెల్‌నెట్ ప్రాంప్ట్ వస్తుంది. అక్కడ 'క్విట్' అంటే చాలు.