సాఫ్ట్‌వేర్ టీమ్ చెదిరిపోకుండా పనిచేయాలంటే ఏం చేయాలి?

విజయవాడ, గుంటూరు ఆఫీసుల్లో టీమ్ లీడ్‌లు ఏకాగ్రత అనగానే హెడ్‌ఫోన్లు కొనిపెడతారు. లేదంటే ఫోన్లన్నీ ఒక డబ్బాలో వేయమంటారు. ఇంకొంతమంది టీమ్ మొత్తాన్ని భవానీ ద్వీపానికి తీసుకెళ్లి, ఆటలాడించి, బిర్యానీ పెట్టి తీసుకొస్తారు. సోమవారానికి మళ్లీ మామూలే. టీమ్‌లో పిల్లలకు శ్రద్ధ లేదని వాళ్లను తిట్టి లాభం లేదు. ఒక్కొక్కరి నెత్తిన నాలుగేసి పనులు పెట్టి, వాటిలో ఏది ముందో, ఎందుకు ముందో ఎవరూ చెప్పకపోతే ఎంత బుద్ధిమంతుడైనా చెదిరిపోతాడు.

కింద చెప్పే పద్ధతి ఐదుగురి నుంచి తొమ్మిదిమంది దాకా ఉన్న టీమ్‌కి సరిపోతుంది. అంతకంటే పెద్ద టీమ్ అయితే ముందు దాన్ని రెండు చేసి, ఆ తర్వాత మొదలుపెట్టండి.

కావాల్సినవి

ఒక వైట్‌బోర్డు, స్టిక్కీ నోట్లు, రెండు రంగుల మార్కర్లు. గవర్నర్‌పేటలో ఏ స్టేషనరీ షాపులో అడిగినా ఇస్తారు. పనుల లెక్క చూసుకునే జిరా లాంటి సాఫ్ట్‌వేర్ వాడుతుంటే వాడుకోండి, బోర్డు మాత్రం గోడ మీద ఉండాల్సిందే. ఇంటి నుంచి పనిచేసేవాళ్లుంటే సాయంత్రం బోర్డు ఫొటో తీసి గ్రూపులో పెట్టండి.

మొదటి మెట్టు: ఉన్న పనులన్నీ బయటపెట్టడం

అరగంట చాలు. ప్రతి ఒక్కరూ తమ చేతిలో ఉన్న పనులను ఒక్కో చీటీ మీద ఒక్కోటి రాసి బోర్డుకి అంటించాలి. సార్ కారిడార్‌లో చెప్పిన డెమో, క్లయింట్ వాట్సాప్‌లో అడిగిన చిన్న రిపోర్టు, అన్నీ రావాలి. చర్చలు వద్దు. అంటించి కూర్చోండి.

రెండో మెట్టు: ఒక్క వాక్యం

పాడయ్యేదంతా ఇక్కడే. కాబట్టి నిదానంగా చదవండి.

రాబోయే రెండు వారాలు ఈ టీమ్ దేనికోసం పనిచేస్తోందో ఒకే ఒక్క వాక్యంలో రాయాలి. ఇది నా చాదస్తం అనుకోవద్దు. స్క్రమ్ అనే టీమ్ పని పద్ధతిని వివరించే 2020 నాటి స్క్రమ్ గైడ్ కూడా స్ప్రింట్‌కి, అంటే ఇలాంటి ఒక్కో విడత పనికి, లక్ష్యం ఒక్కటే అంటుంది. మనవాళ్లు ఆ గైడ్‌లోంచి రోజూ కాసేపు కలిసి మాట్లాడుకోవడం ఒక్కటి తీసుకుని, స్టాండప్ పేరుతో నిలబడి చేస్తూ, ఈ ముక్క వదిలేశారు.

గుంటూరు మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారుల కోసం లెక్కల సాఫ్ట్‌వేర్ చేస్తున్న టీమ్ ఒకటి ఉందనుకుందాం. లీడ్ బోర్డు మీద ఏం రాస్తాడు? ‘బిల్లింగ్ మాడ్యూల్ పూర్తి చేయాలి.’ అది పని పేరు. ఎవరికోసమో, ఎక్కడ ఆగొచ్చో అందులో లేదు. దాని బదులు ఇలా రాయండి: ‘కాటా అయిన పది నిమిషాల్లో రైతు చేతికి తక్‌పట్టీ అందాలి.’ తక్‌పట్టీ అంటే తూకం, ధర, కోతలు లెక్కగట్టి రైతుకిచ్చే కాగితం. ఈ వాక్యం చదివిన కుర్రాడికి ఎవరూ చెప్పకుండానే చాలా సంగతులు తెలిసిపోతాయి. రిపోర్టులో రంగులు తర్వాత చూసుకోవచ్చు. ప్రింటర్ ఆగిపోతే ఏం చేయాలో ఇప్పుడే తేల్చాలి. కమీషన్, హమాలీ కోతలు మొదటిసారే సరిగ్గా రావాలి. యార్డులో సిగ్నల్ సరిగా అందని మూల కూడా అది పనిచేయాలి.

వాక్యం రాసేటప్పుడు అందులో వాడేవాడు కనపడాలి. ‘మేము’, ‘మా టీమ్’ అని మొదలైతే కొట్టేయండి. ‘అలాగే’, ‘దాంతో పాటు’ అని వస్తే అవి రెండు లక్ష్యాలు. ఒకటి తీసి వచ్చేసారికి ఉంచండి. ‘మెరుగుపరచాలి’, ‘నాణ్యంగా ఉండాలి’ అంటే రెండో శుక్రవారం నాడు అయిందో లేదో ఎవరూ చెప్పలేరు, కాబట్టి అంకె పెట్టండి. ఆ అంకె గాల్లోంచి తేకండి. ఇప్పుడు తక్‌పట్టీ చేతికి రావడానికి ఎంతసేపు పడుతోందో తెలియకపోతే, టీమ్‌లో ఇద్దరిని ఒక రోజు యార్డుకి పంపండి. మిర్చి టిక్కీలు (బస్తాలు) కాటా మీదకు ఎక్కినప్పటి నుంచి రైతు కాగితం జేబులో పెట్టుకునే దాకా గడియారం పట్టుకుని నిలబడతారు. ఆ ఒక్క పూట ఎండలో నిలబడ్డవాళ్లకు తర్వాత ఏకాగ్రత గురించి క్లాసు పీకాల్సిన పని ఉండదు.

వాక్యాన్ని క్యాబిన్‌లో ఒక్కరే కూర్చుని రాసి మెయిల్ కొట్టొద్దు. బోర్డు ముందు చదవండి. చదివాక అందరికీ ‘అర్థమైందా?’ అంటే ‘అర్థమైంది సార్’ అనే వస్తుంది. ఆ మాటను అస్సలు నమ్మకండి. ఒక్కొక్కరికీ చీటీ ఇచ్చి, ‘దీన్నిబట్టి రేపు నువ్వు ఏ పని ఆపుతావు?’ అని రాయమనండి. ఏం చేస్తావని అడగొద్దు, ఏం ఆపుతావనే అడగండి. చదివించేటప్పుడు అందరికంటే కొత్తగా చేరిన అమ్మాయితోనో అబ్బాయితోనో మొదలుపెట్టండి. సీనియర్ ముందు చదివితే మిగతావాళ్లు అదే అప్పజెబుతారు. ఆరు చీటీల్లో ఆరు రకాలుగా వస్తే తప్పు వాక్యానిది. మళ్లీ రాయండి.

ఆ తర్వాత అసలు పరీక్ష. మొదటి మెట్టులో అంటించిన ప్రతి చీటీనీ ఈ వాక్యం పక్కన పెట్టి చూడండి. అన్నీ ఇందులోకే వస్తున్నాయంటే మీరు అందరూ పట్టేంత గొడుగు ఒకటి తెరిచారన్నమాట. కనీసం మూడోవంతు చీటీలు బయటపడాలి. పడకపోతే వాక్యం ఇంకా బిగించాలి.

బయటపడ్డ చీటీలను యజమాని దగ్గరికో, క్లయింట్ దగ్గరికో తీసుకెళ్లడం అన్నిటికంటే కష్టం. అక్కడ ‘చేయలేం సార్’ అన్నారంటే అయిపోయినట్టే. అవతలివాళ్ల పౌరుషం మీద నాలుగు కొత్త పనులు కూడా వచ్చి పడతాయి. ఇలా చెప్పండి: ‘ఈ రెండు వారాలు తక్‌పట్టీ మీదే ఉంటున్నామండీ. ఈ రిపోర్టు ఇప్పుడే కావాలంటే అది వెనక్కి జరుగుతుంది. ఏది ముందో మీరే చెప్పండి.’ అవతలి నుంచి ‘చిన్న పనే కదండీ, రెండూ చూసేయండి’ అని వస్తుంది. వాదించకండి. చీటీ చేత్తో పట్టుకుని బోర్డు దగ్గరికి నడవండి. ‘దీన్ని పెట్టడానికి ఏది తీయమంటారు?’ అని అడిగి మాట్లాడకుండా నిలబడండి. ఆ మౌనం అరనిమిషం ఉంటుంది, భరించండి. తేలిన సంగతి ఆ పూటే మెయిల్‌లో పెట్టి ‘సరే’ అనిపించుకోండి. ఫోన్‌లో అన్న సరే లెక్కలోకి రాదు.

ఓకేఆర్‌లు, అంటే లక్ష్యాలూ ఒక్కోదానికి కొలతలూ రాసుకునే పద్ధతి, పెట్టుకోవచ్చు కదా అని అడుగుతారు. ఇంటెల్‌లో ఆండీ గ్రోవ్ తీర్చిదిద్దిన ఆ పద్ధతిని జాన్ డోర్ 1999లో గూగుల్‌కి తీసుకెళ్లాడు. పద్ధతి మంచిదే. కానీ మన దగ్గర ఆరుగురి టీమ్‌కి నాలుగు లక్ష్యాలు, ఒక్కోదానికి నాలుగు కొలతలు రాసి, ఎక్సెల్‌లో పదహారు వరుసలు నింపి, మూడు నెలల తర్వాతే మళ్లీ ఆ ఫైలు తెరుస్తారు. ఒక్క వాక్యం బోర్డు మీద ఉంటే రోజూ కళ్లబడుతుంది.

మూడో మెట్టు: చేతిలో పనులు తగ్గించడం

ఆరుగురుంటే ఒకేసారి నడిచే పనులు నాలుగు. ఐదు కూడా వద్దు. దీనికి లెక్క ఉంది. 1961లో జాన్ లిటిల్ నిరూపించిన సూత్రం ప్రకారం, చేతిలో ఉన్న పనుల సంఖ్యను వారానికి పూర్తయ్యే పనుల సంఖ్యతో భాగిస్తే ఒక పనికి సగటున పట్టే కాలం వస్తుంది. పన్నెండు పనులు పట్టుకుని వారానికి రెండు పూర్తి చేసే టీమ్‌లో ఒక్కో పనికి ఆరు వారాలు. అదే వేగంతో నాలుగే పట్టుకుంటే రెండు వారాలు. నాలుగు పనులకు ఆరుగురంటే ఇద్దరు ఇంకొకరి పక్కన కూర్చుంటారు. వాళ్లు ఖాళీగా ఉన్నారని పైవాళ్లకు టెన్షన్ వస్తుంది. రానివ్వండి.

నాలుగో మెట్టు: పొద్దున్న మూడు గంటలు

పది నుంచి ఒంటిగంట దాకా మీటింగులు, ఫోన్లు, భుజం తట్టడాలు బంద్. మన పది గంటలంటే వేసవిలో న్యూయార్క్‌లో రాత్రి పన్నెండున్నర, చలికాలంలో పదకొండున్నర. క్లయింట్ అమెరికావాడైతే ఆ వేళ నిద్రపోతుంటాడు. ఇంత మంచి అవకాశం దేవుడిచ్చినట్టు ఉంటే, మనమే పదింటికి స్టాండప్ పెట్టుకుని చెడగొట్టుకుంటున్నాం. స్టాండప్ మధ్యాహ్నం మూడున్నరకే, పదిహేను నిమిషాలే. సాయంత్రం క్లయింట్ కాల్‌కి ఏం చెప్పాలో కూడా అక్కడే తేలిపోతుంది.

పనిలో ఏకాగ్రత మీద పరిశోధన చేసే గ్లోరియా మార్క్ బృందం 2008లో ప్రచురించిన అధ్యయనంలో, మధ్యలో ఆపితే జనం పనిని ఇంకా త్వరగానే ముగించారు, కానీ ఒత్తిడి, చిరాకు పెరిగాయి. అందుకే ‘మావాళ్లను ఎంత కదిపినా పని ఆగట్లేదు’ అనే లీడ్‌కి జరిగే నష్టం కనపడదు.

అర్జెంట్ సంగతులకు వారానికొకరిని కాపలా పెట్టండి. ఫోన్లన్నీ ఆ ఒక్కరికే వెళ్తాయి, ఆ వారం వాళ్ల మీద వేరే పని ఉండదు. వంతు మారుతూ ఉండాలి, లేకపోతే అది పాపం ఎప్పుడూ జూనియర్ మీదే పడుతుంది.

ఐదో మెట్టు: రెండో శుక్రవారం

వాక్యం చదివి, అయిందా లేదా అని అడగండి. ఎనభై శాతం అయిందనే జవాబు తీసుకోకండి. నిజమైన ప్రింటర్ పెట్టి, కాగితం బయటికి వచ్చేదాకా చూడండి.

మధ్యలోనే లక్ష్యానికి అర్థం లేకుండా పోయిందనుకోండి. స్క్రమ్‌లో స్ప్రింట్‌ను రద్దు చేసే అధికారం ప్రోడక్ట్ ఓనర్‌ది, అంటే ఏ పని ముందో తేల్చే మనిషిది. ఆయనతో రద్దు చేయించి కొత్త వాక్యం రాయండి. పాత వాక్యం కింద రెండోది చేర్చొద్దు.

పండగల వారంలో మాత్రం కొత్త వాక్యం మొదలుపెట్టకండి. సంక్రాంతికి సగం సీట్లు ఖాళీ. దసరాల్లో, ముఖ్యంగా మూలా నక్షత్రం రోజున, ఇంద్రకీలాద్రికి వచ్చే జనంతో దారులు మళ్లిస్తారు, ఆఫీసుకి చేరేసరికే పదకొండవుతుంది. ఆ వారం పాత బగ్‌లు సరిచేసుకోండి.