దసరా నుంచి కార్తీకం దాకా: కేసులున్న మానసిక రోగుల ఇళ్ళకు వెళ్ళేవాళ్ళకు జాగ్రత్తలు

విశాఖలో మన పనికి గడ్డుకాలం ఎండాకాలం అనుకుంటారు. నన్నడిగితే దసరా ముందు మహాలయ పక్షం నుంచి కార్తీకం ముగిసేదాకా. సెలవులు, బంధువులు, మందు, టపాసులు, మాలలు, ఉపవాసాలు, వీటన్నిటి మీద తుఫాను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు కరెంటు, ఫోన్లు లేక ఊరంతా రోజుల తరబడి ఎంత అవస్థ పడిందో ఇక్కడివాళ్ళకు చెప్పక్కర్లేదు. మామూలు ఇల్లు ఎలాగో నెట్టుకొస్తుంది. బెయిలు మీదో, ప్రొబేషన్ మీదో, కోర్టు పూచీకత్తు తీసుకుని అప్పగించగానో స్కిజోఫ్రెనియా (లేనిపోని అనుమానాలు, లేని మాటలు వినబడటం ఉండే జబ్బు), బైపోలార్ (అతి హుషారు, దిగులు మారి మారి వచ్చే జబ్బు) ఉన్న మనిషి ఉంటున్న ఇల్లు అలా కాదు. ఒక సూది తప్పినా, ఒక వాయిదా తప్పినా మొత్తం మొదటికొస్తుంది. అందుకే సెప్టెంబరులోనే కూర్చుని చేసుకోవలసిన పనులు కొన్ని ఉన్నాయి. కొత్తగా చేరిన ఎం.ఎస్.డబ్ల్యు. (సోషల్ వర్క్ పీజీ) విద్యార్థులు, పారా లీగల్ వాలంటీర్లు, మానసిక ఆరోగ్య కార్యక్రమం సిబ్బంది కోసం ఇది రాస్తున్నాను. ఇంట్లోవాళ్ళు చదివినా మంచిదే.

"కొడతాడా సార్?"

కొత్తవాళ్ళు మొదట అడిగేది ఇదే. మానసిక జబ్బు ఉన్నవాళ్ళలో ఎక్కువమంది ఎవరి జోలికీ వెళ్ళరు. దెబ్బలు తినేవాళ్ళే ఎక్కువ. ఫైల్లో జబ్బు పేరు చూసి బెదిరిపోవడం వల్ల గానీ, ధైర్యం తెచ్చుకోవడం వల్ల గానీ ఒరిగేదేమీ లేదు. తెలుసుకోవలసినవి వేరే: ఇంతకుముందు ఎవరినైనా కొట్టాడా, అప్పుడు ఏం జరుగుతోంది, తాగి ఉన్నాడా, గంజాయి ఉందా, మాత్రలు మానేసి ఎన్నాళ్ళైంది, ఫలానా మనిషి తనకు చెరుపు చేస్తున్నాడని పేరు పెట్టి అంటున్నాడా, చెవిలో మాటలు ఊరికే వినిపిస్తున్నాయా లేక ఇది చెయ్యి అని ఆజ్ఞాపిస్తున్నాయా. పేరు పెట్టి అంటున్నా, మాటలు ఆజ్ఞాపిస్తున్నా ఆ రోజే డాక్టరుతో మాట్లాడాలి. వచ్చే వారానికి వాయిదా వెయ్యొద్దు.

ఇంకో సంగతి. ఇలాంటి కేసుల్లో దెబ్బ తగిలేది చాలావరకు ఇంట్లోవాళ్ళకే. అన్నం పెట్టే తల్లికి, పక్కన పడుకునే భార్యకు, ఆస్తి మాట ఎత్తిన తమ్ముడికి. కాబట్టి మన జాగ్రత్త కన్నా ముందు ఆ తల్లి జాగ్రత్త చూడాలి. రాత్రిపూట తేడా వస్తే ఏ ఇంటికి పరిగెత్తుతుంది, ఆమె పడుకునే గదికి లోపలి గడియ ఉందా, చేపలు కోసే కత్తిపీట రాత్రి ఎక్కడ పెడుతుంది, ఇవి ఆమెను ఒంటరిగా ఉన్నప్పుడు అడగండి. అతని ముందు అడిగితే ఆవిడ "మా వోడు బంగారం బాబూ" అంటుంది, అంతే.

తేదీల కాగితం

ప్రతి ఇంటికీ ఒక కాగితం రాయండి. అందులో సూది తేదీ, మాత్రలు అయిపోయే తేదీ, కోర్టు వాయిదా, స్టేషన్లో సంతకం పెట్టే రోజు, రక్తపరీక్ష రోజు ఉండాలి. వీటితోపాటు ఇంకో తేదీ ఉంటుంది, దాన్ని అందరూ వదిలేస్తారు: నేరం జరిగిన రోజు. జబ్బు ముదిరి ఉన్నప్పుడు సొంతవాళ్ళ ప్రాణం తీసిన మనిషికి మందులతో తెలివి తేరుకున్నాక, ఇంట్లో తద్దినం పెట్టే రోజు ఎలా గడుస్తుందో ఊహించండి. మహాలయ పక్షంలోనూ అంతే. ఆ రోజుల్లో ఎదుటివాళ్ళ కన్నా అతని ప్రాణానికే ముప్పు ఎక్కువ. ముందురోజు వెళ్ళి కూర్చోండి, పురుగుమందులు, మిగిలిపోయిన పాత మాత్రలు ఇంట్లోంచి తీయించండి. ఆత్మహత్యాయత్నం జరిగితే కేసు భయంతో దాచొద్దని ఇంట్లోవాళ్ళకు ముందే చెప్పండి. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్ ప్రకారం అది తీవ్రమైన ఒత్తిడిలో జరిగినట్టే భావించాలి, శిక్షించడానికి లేదు.

స్కిజోఫ్రెనియాకు నెలకోసారి ఇచ్చే హాలోపెరిడాల్ డెకనోయేట్ సూది దసరా సెలవుల్లోనో, దీపావళి రోజునో పడుతుందేమో ముందే చూడండి. పడితే చినవాల్తేరు మానసిక వైద్యశాలలో ఓపీకి సెలవులకు ముందే తీసుకెళ్ళి, సూది ఎప్పుడు వేయించుకోవాలో డాక్టరునే అడగండి. మాత్రలు కూడా ఒక పది రోజులకు అదనంగా రాయమని అడగండి. క్లోజపిన్ (వేరే మందులకు లొంగని స్కిజోఫ్రెనియాకు ఇచ్చే మాత్ర) వాడేవాళ్ళ విషయంలో మరీ జాగ్రత్త. 48 గంటలు దాటి మానేస్తే పాత మోతాదు నేరుగా వెయ్యకూడదు, తక్కువ మోతాదు నుంచి మళ్ళీ మొదలుపెట్టాలి. వాళ్ళకు గొంతునొప్పితో జ్వరం వస్తే వైరల్ జ్వరమే కదా అని ఊరుకోకుండా అదే రోజు రక్తపరీక్ష చేయించాలి.

"మాత్రలు వేసుకుంటున్నాడా?" అని అడిగితే అందరూ అవునంటారు. స్ట్రిప్పు చూపించమనండి. చీటీ మీద తేదీ నుంచి ఇవాళ్టికి ఎన్ని అయిపోవాలో, ఎన్ని మిగిలాయో అక్కడే లెక్కపెట్టండి. ఎక్కువ మిగిలితే కసరొద్దు. నిద్రమత్తు వస్తోందా, చేతులు బిగుసుకుపోతున్నాయా, పెళ్ళాం దగ్గర ఇబ్బందిగా ఉందా, ఇవి అడగండి. మానేయడానికి కారణం చాలాసార్లు ఈ మూడింట్లోనే దొరుకుతుంది.

ఇక కాగితాలు. ఒక ఇంట్లో రేకుల కింద దూలానికి మేకు కొట్టి, బట్టల షాపు కవరు వేలాడదీశారు. అందులో ఓపీ చీటీలు, ఆధార్ జిరాక్సు, బెయిలు కాగితం, ఎవరిదో శుభలేఖ, పాత కరెంటు బిల్లులు అన్నీ కలిసి ఉన్నాయి. చీటీ మడత దగ్గర చిరిగి మందు పేరు సగం పోయింది, "రాత్రి ఒకటి" అన్నది మాత్రం మిగిలింది. వాన నేరుగా పడేది ఆ రేకుల సందులోంచే. ఇలాంటిది కనిపిస్తే అక్కడికక్కడే ఫోన్లో ఫొటోలు తీయండి. కోర్టు కాగితాలు, ఆసుపత్రి చీటీలు విడదీసి, జిప్ ఉన్న ప్లాస్టిక్ సంచిలో పెట్టించండి.

కాగితాల్లో సెక్షన్లు చూసి తికమకపడకండి. 2024 జులై 1 నుంచి కొత్త చట్టాలు వచ్చాయి. పాత సీఆర్‌పీసీ 330 (విచారణ ఎదుర్కోలేని స్థితిలో ఉన్న మానసిక రోగిని విడుదల చేయడం) ఇప్పుడు భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 369, పాత 339 (బంధువులకు అప్పగించడం) ఇప్పుడు 378. ఐపీసీ 84 (మతిస్థిమితం లేనప్పుడు చేసింది నేరం కాదనడం) ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 22. మనకు కావలసింది పూచీ ఎవరు ఇచ్చారన్నది. బాగా చూసుకుంటామని, తనకూ ఇతరులకూ హాని జరగనివ్వమని, పిలిచినప్పుడు హాజరుపరుస్తామని రాసిచ్చిన అన్నగారు పండగ వెళ్ళగానే పనికోసం చెన్నై వెళ్ళిపోతున్నాడేమో కనుక్కోండి. అలా అయితే లాయరుకు ముందే తెలియాలి. లాయరు లేకపోతే జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా ఇస్తుంది, 15100కు ఫోను చేయవచ్చు.

మాల, ఉపవాసం, టపాసులు

మాల వేసుకుంటానంటే వద్దనకండి. భవానీ దీక్ష కానీ, అయ్యప్ప దీక్ష కానీ, తాగుడు మానడానికి అంతకన్నా గట్టి కట్టు మన దగ్గర లేదు. కానీ మూడు చూసుకోవాలి. మాలలో మాత్రలు వేసుకోకూడదన్న నియమం ఏదీ లేదు, ఆ మాట గురుస్వామి నోట చెప్పించండి. మనం చెప్తే వినరు, ఆయన చెప్తే వింటారు. తెల్లవారుజాము స్నానాలు, రాత్రి భజనలతో నిద్ర తగ్గుతుంది. బైపోలార్ ఉన్నవాడికి నిద్ర తగ్గడమే నిప్పు. పెందలాడే పడుకోవడానికి గురుస్వామి దగ్గర ఒప్పందం చేసుకోండి.

మూడోది చాలామందికి తెలియదు. రోజూ బాగా తాగే మనిషి మాల కోసం ఒక్కసారిగా మానేస్తే రెండు మూడు రోజుల్లో చేతులు వణకడం, చెమటలు, ఫిట్స్, లేనివి కనబడటం రావచ్చు. ఇంట్లోవాళ్ళు స్వామి పూనాడనుకుంటారు, గాలి సోకిందనుకుంటారు. అది ప్రాణాంతకం. 108 పిలిచి కింగ్ జార్జ్ ఆసుపత్రి, అంటే కేజీహెచ్‌కు తీసుకెళ్ళాలి. అలాంటివాళ్ళు మాలకు వారం ముందే డాక్టరును కలిసి మాన్పించుకోవాలి.

కార్తీక సోమవారాలు చుక్కలు చూసేదాకా మంచినీళ్ళు కూడా ముట్టనివాళ్ళుంటారు. బైపోలార్‌కు లిథియం వాడేవాళ్ళకు అది పనికిరాదు. ఒంట్లో నీరు, ఉప్పు తగ్గితే రక్తంలో లిథియం పెరిగిపోతుంది. ఒళ్ళునొప్పులకని షాపులో కొనే ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్‌తో కూడా అంతే. వాంతులు, విరేచనాలు, చేతులు బాగా వణకడం, తూలుతూ నడవడం, మాట ముద్దగా రావడం ఉంటే ఆ మాత్ర ఆపి వెంటనే ఆసుపత్రికి. ఇరుగుపొరుగు, ఒక్కోసారి పోలీసులు కూడా, తాగి ఉన్నాడని వదిలేస్తారు.

టపాసుల సంగతి తేలిక. దీపావళి రాత్రి ఊరిలో ఉండకుండా లోపలి పల్లెల్లో ఎక్కడైనా మేనత్త ఇంటికో, పెద్దమ్మ ఇంటికో పంపితే సరిపోతుంది. అయితే ఊరు దాటడానికి బెయిలు షరతు ఒప్పుకుంటుందో లేదో చూడాలి.

ఇంటికి వెళ్ళేటప్పుడు

చెప్పి వెళ్ళండి. ఆకస్మిక తనిఖీలు పోలీసులవి, మనవి కావు. అనుమానం జబ్బులో భాగమైన మనిషి తలుపు చెప్పకుండా తడితే మొదటి దెబ్బ మనమే వేసినట్టు. ఇద్దరు వెళ్ళాలి. చీకటి పడకముందే బయటపడాలి. ఆఫీసులో ఒకరికి ఏ ఇంటికి వెళ్తున్నారో, ఏ టైముకు ఫోను చేస్తారో చెప్పి వెళ్ళండి. ఆ టైముకు ఫోను రాకపోతే వాళ్ళు ఏం చెయ్యాలో కూడా ముందే అనుకోండి.

బండి తిరిగి వెళ్ళే వైపుకు తిప్పి పెట్టండి. మెడలో ఐడీ కార్డు తాడు తీసి జేబులో వేసుకోండి, చున్నీ మెడకు చుట్టుకోవద్దు. కార్డు తీసేయడానికి ఇంకో కారణమూ ఉంది. జాలారిపేట సందుల్లో, కంచరపాలెం వరస ఇళ్ళల్లో ఎవరింటికి ఎవరొచ్చారో నిమిషంలో తెలిసిపోతుంది. "ఆ కేసు కుర్రోడింటికా?" అని ఎవరన్నా అడిగితే సచివాలయం పని మీద వచ్చామని అబద్ధం ఆడొద్దు, "తెలిసినవాళ్ళండీ" అని ముందుకు నడవండి. రోగి వివరాలు గుట్టుగా ఉంచడం చట్టం పెట్టిన బాధ్యత. ఇంకొకరికి హాని తప్పించాల్సినప్పుడు మాత్రమే, అవసరమైనంత వరకే చెప్పవచ్చు.

లోపల తలుపుకు దగ్గరగా కూర్చోండి, కానీ అతనికీ తలుపుకూ మధ్య అడ్డంగా కాదు. దారి మీకూ ఉండాలి, అతనికీ ఉండాలి. అతను కింద కూర్చుంటే మీరు నిలబడి మాట్లాడొద్దు. వంటింట్లోకి వెళ్ళి కూర్చోవద్దు.

మాట గురించి. "ఆ ఫేన్లో కెమెరా ఎట్టీసినారు, మీకు తెల్దా సార్?" అంటాడు. లేదని వాదించొద్దు, ఉందని తల ఊపొద్దు, నవ్వొద్దు. "నాకైతే కనబడ్డం లేదు బాబూ. నీకలా అనిపిస్తుంటే మరి నిద్రెలా పడుతోంది?" అనండి. నిద్ర దగ్గర నుంచి మాత్రలకూ, డాక్టరుకూ దారి దొరుకుతుంది. గొంతు పెరిగినా, అటూ ఇటూ తిరగడం మొదలైనా, మీ ప్రశ్నకు కాక ఇంకెవరికో జవాబు చెప్తున్నట్టనిపించినా ఇక ప్రశ్నలు చాలు. "మళ్ళీ వస్తాంలే" అని లేచి రండి. పని సగంలో ఉందని మొహమాటపడొద్దు.

తుఫాను ఖాయమైనప్పుడు

పోర్టులో మూడో నంబరు ప్రమాద హెచ్చరిక ఎగరేశారంటే ఫోన్లు మొదలుపెట్టండి. పునరావాస కేంద్రానికి తరలించే ఇళ్ళు ముందు. బడిలో వందమంది మధ్య పడుకోవడం అనుమానాలున్న మనిషికి నరకం. గోడవారగా, తల్లి పక్కన ఒక మూల ఇప్పించమని ఏఎన్ఎంకో, ఆశా కార్యకర్తకో చెప్పండి. జబ్బు సంగతి వాళ్ళకు తప్ప మైకులో అందరికీ కాదు. మారిన చోటు స్టేషన్‌కూ లాయరుకూ వాట్సాప్‌లో రాసి పెట్టండి, లేకపోతే చెప్పిన ఇంట్లో లేడని రాసేస్తారు. వాయిదా రోజున రోడ్లు మూసుకుపోతే లాయరు చేత హాజరు మినహాయింపు పిటిషన్ వేయించాలి. ఊరుకుంటే నాన్‌బెయిలబుల్ వారెంటు వస్తుంది.

గదిలో పెట్టి తాళం వేసి, గొలుసు కట్టి వెళ్ళే ఇళ్ళు ఇంకా ఉన్నాయి. గొలుసు కట్టడాన్ని మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 95వ సెక్షన్ నిషేధించింది. 2001 ఆగస్టు 6న తమిళనాడు ఎర్వాడిలో షెడ్డుకు మంటలు అంటుకుంటే గొలుసులతో కట్టేసి ఉన్న 28 మంది తప్పించుకోలేక చనిపోయారు. గాలికి రేకులు లేచిపోయే ఇంట్లో అయినా అదే జరుగుతుంది. ఇంట్లోవాళ్ళను తిట్టకుండా ఈ సంగతి చెప్పి, తాళం చెవి పక్కింట్లో కూడా ఒకటి ఉంచమని కాదు, తాళమే తీసేయమని అడగండి. దాని బదులు ఎవరు తోడుంటారో మాట్లాడి తేల్చండి.

రోడ్లు తెగి చినవాల్తేరు చేరలేకపోతే దగ్గర్లో ఏ రిజిస్టర్డ్ డాక్టరైనా అత్యవసర చికిత్స చెయ్యవచ్చు, నామినీ (రోగి తరఫున నిర్ణయం తీసుకునే ప్రతినిధి) ఎవరైనా అందుబాటులో ఉంటే వాళ్ళ సమ్మతితో, 72 గంటల వరకు. ఆ చట్టం 94వ సెక్షన్ అదే చెప్తుంది. "మానసిక రోగిని మేం ముట్టుకోం" అనే డాక్టరుకు ఈ సెక్షన్ నంబరు చెప్పండి. ఫోను పనిచేస్తుంటే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416, రాత్రీ పగలూ ఉంటుంది.

పోలీసులను పిలవాల్సి వస్తే

చేతిలో ఆయుధం ఉంటేనో, ఎవరికైనా దెబ్బ తగిలితేనో 112. చెప్పేది ఈ వరసలో చెప్పండి: ఎక్కడ, ఆయుధం ఉందా, ఇంట్లో ఎవరున్నారు, ఏ జబ్బుకు మందులు వాడుతున్నాడు, ఎవరి మాట వింటాడు. సైరన్ లేకుండా రమ్మనండి. కేసు పెట్టడానికి కాదు, ఆసుపత్రికి చేర్చడానికి అని స్పష్టంగా అనండి. అదే చట్టం 100వ సెక్షన్ ప్రకారం అలాంటి మనిషిని లాకప్‌లో పెట్టకూడదు, 24 గంటల లోపు దగ్గర్లోని ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్ళాలి. ఎస్సైలు మారుతుంటారు కాబట్టి దసరాకు ముందే స్టేషన్‌కు వెళ్ళి పరిచయం చేసుకుంటే ఆ రాత్రి ఈ సెక్షన్లు చదివి వినిపించాల్సిన పని ఉండదు.

గాలివాన వెలిశాక

సూది తేదీ దాటినవాళ్ళ ఇళ్ళకు మొదట వెళ్ళండి, తర్వాత లిథియం, క్లోజపిన్ ఇళ్ళకు, తర్వాత కోర్టు పనులకు. చూసింది చూసినట్టు రాయండి. మీ కాగితం రేపు కోర్టుకు వెళ్ళవచ్చు, "హింసాత్మక ప్రవర్తన" అన్న రెండు ముక్కలతో ఒకడి బెయిలు పోవచ్చు. "రెండు రాత్రులు నిద్ర లేదు, కంచం గోడకు కొట్టాడు, ఎవరికీ దెబ్బ తగల్లేదు, తల్లి మాత్ర ఇచ్చాక పడుకున్నాడు" అని రాయండి. కింద సంతకం, తేదీ, టైము. టైము మర్చిపోకండి, లాయర్లు మొదట అడిగేది అదే.