పాత గడియారం చక్రంతో విమానానికి రివెట్లు

మోడల్ విమానానికి రివెట్లు, అంటే రేకును పట్టి ఉంచే మేకుల తలల గుర్తులు, వేయాలనుకునేవారు పనిముట్లు కొనకముందు ఒకసారి విశాఖ వెళ్లిరండి. ఒడిశాలోని మా జయపురం నుంచి కిరండూల్ రైలు అరకు మీదుగా తిన్నగా అక్కడికే పోతుంది. బీచ్ రోడ్డులో టీయూ-142 విమానం ఉంది. 2017లో నౌకాదళం కొలువు నుంచి తప్పుకుని, ఆ డిసెంబరులోనే మ్యూజియం అయింది. దాని పొట్ట పక్కన నిలబడి రేకు మీది వరుసలు చూడండి. తర్వాత పద్నాలుగు మీటర్లు వెనక్కి నడిచి మళ్లీ చూడండి. 1/48 మోడల్‌ను, అంటే అసలుకు 48వ వంతు ఉన్నదాన్ని, కంటికి 30 సెంటీమీటర్ల దూరంలో పట్టుకోవడమంటే అసలు విమానానికి 14.4 మీటర్ల దూరంలో నిలబడటమే. అంత దూరం నుంచి ఎన్ని రివెట్లు కనిపించాయో అన్నే మీ మోడల్ మీద కనిపించాలి. ఎండ ఏటవాలుగా పడితే వరుసలు లీలగా తెలుస్తాయి. ఎండ నడినెత్తికి వస్తే మాయమవుతాయి.

ఇది ఎందుకు చెబుతున్నానంటే, చాలా మోడళ్ల మీద రివెట్లు తూట్లలా ఉంటాయి. రెక్క రేకుకు వాడే 1/8 అంగుళం చదును రివెట్ (తల రేకుతో సమంగా ఉండేది) తల వెడల్పు సుమారు 5.7 మిల్లీమీటర్లు. 1/48లో అది 0.12 మి.మీ. అవుతుంది. మన చేతికి అంత సన్నం రాదు. కాబట్టి ఎంత చిన్నగా వేసినా పెద్దదే అవుతుందని ముందే ఒప్పుకుని, పెద్దదాన్ని మరింత పెద్దది చేయకుండా పని నడపాలి.

జయపురంలో నాది గడియారాలు బాగుచేసే దుకాణం. ఫోన్లు వచ్చాక గిరాకీ తగ్గింది గానీ, సీసాల నిండా పాత చక్రాలు మిగిలాయి. ప్లాస్టిక్ మీద దొర్లిస్తే పళ్లు వరుసగా చుక్కల్లాంటి గుంటలు పెడతాయి, రివెట్ వేయడానికి వాటికి మించిన పనిముట్టు నాకు దొరకలేదు. తయారైనవి అమ్ముతారు, బాగానే ఉంటాయి, ధర మాత్రం చురుక్కుమంటుంది. దర్జీల ట్రేసింగ్ చక్రం తెచ్చుకోకండి, దాని పళ్ల ఎడం మనకు మరీ ఎక్కువ.

చక్రం ఎంచుకోవడానికి చిన్న లెక్క ఉంది. రివెట్‌కూ రివెట్‌కూ మధ్య దూరం విమానాన్ని బట్టి, చోటును బట్టి మారుతుంది. అంగుళం, అంటే 25 మి.మీ. అనుకుని మొదలుపెట్టవచ్చు. 1/72కి 0.35, 1/48కి 0.52, 1/32కి 0.78 మి.మీ. వస్తుంది. ఇప్పుడు చక్రం వ్యాసాన్ని 3.14తో గుణించి పళ్ల సంఖ్యతో భాగించండి. 12 మి.మీ. వ్యాసం, 72 పళ్లు ఉన్న అలారం గడియారం చక్రమైతే సరిగ్గా 0.52 వస్తుంది. పళ్లు లెక్కపెట్టేటప్పుడు మొదటి పన్ను మీద మార్కర్ చుక్క పెట్టుకోండి, లేకపోతే లెక్క తప్పి మళ్లీ మొదటికి వస్తారు.

చక్రాన్ని ఉన్నది ఉన్నట్టుగా దొర్లిస్తే చుక్కలు పడవు, చిన్న అడ్డగీతలు పడతాయి. చక్రానికి ఉన్న మందమే కారణం. ఇరుసు మీద తిప్పుతూ రెండు ముఖాలనూ నూనెరాయికి ఏటవాలుగా ఆనించి, పళ్ల కొసలు సూది మొనల్లా అయ్యేదాకా అరగదీయాలి. తొందరపడితే ఇత్తడి పన్ను వంగిపోతుంది. తర్వాత ఇత్తడి కడ్డీ చివర చీల్చి, చక్రాన్ని అందులో ఇరికించి, గుండుసూది ముక్కను ఇరుసుగా దింపండి. చక్రం సులువుగా తిరగాలి, పక్కలకు మాత్రం వెంట్రుకంత కూడా ఊగకూడదు. ఊగితే వరుస వంకర పోతుంది.

ఎక్కడ వేయాలన్నది ఎలా వేయాలన్నదాని కంటే పెద్ద ప్రశ్న. రివెట్ ఊరికే ఉండదు, రేకును లోపలి చట్రానికి పట్టి ఉంచుతుంది. రెక్కలో రిబ్‌లు (అడ్డపట్టీలు), స్పార్‌లు (పొడవునా ఉండే దూలాలు) ఎక్కడున్నాయో, పొట్టలో ఫ్రేములు (కడియాల్లాంటివి), స్ట్రింగర్లు (పొడవాటి పట్టీలు) ఎటు నడుస్తాయో డ్రాయింగులో చూసుకుంటే వరుసలు వాటంతట అవే తెలుస్తాయి. హరికేన్ యుద్ధవిమానం పొట్ట వెనక భాగం గుడ్డ కప్పినది, అక్కడ రివెట్ వరుసలు వేస్తే నవ్వుతారు. పీ-51 మస్టాంగ్ యుద్ధవిమానం రెక్క ముందు భాగంలో ఫ్యాక్టరీలోనే రివెట్లను పుట్టీతో పూడ్చి, నునుపు చేసి, రంగు వేసేవారు. అక్కడ ఖాళీగా వదిలేయడమే పనితనం.

స్పిట్‌ఫైర్ యుద్ధవిమానం కథ ఇంకా ముచ్చటైనది. మొదటి నమూనాకు చదును రివెట్లు వాడారు. అవి ఖర్చుతో, శ్రమతో కూడినవి. ఉబ్బుతల రివెట్లు ఎక్కడ పెడితే నష్టం ఉండదో తేల్చడానికి, చదును రివెట్ల మీద బఠాణీ బద్దలు అతికించి ఎగరేశారు. వేగం గంటకు 22 మైళ్ల మేర తగ్గింది. ఆ తర్వాత వరుసవరుసగా బద్దలు పీకేస్తూ మళ్లీ మళ్లీ పరీక్షించారు. పప్పుబద్దలతో అంత పెద్ద లెక్క తేల్చినవారి మీద నాకు గౌరవం.

ఇక పని. కిట్‌లోని రెండు సగాలు అతికించి, అతుకు సాండ్‌పేపర్‌తో నునుపు చేశాకే రివెట్లు మొదలుపెట్టండి. రెక్కలు పొట్టకు తగిలించకముందే పూర్తిచేయండి, తర్వాత మూలల్లోకి చక్రం పోదు. 2బీ పెన్సిల్‌తో గీత గీసి, పక్కనే టేపు అంటించి, దాని అంచు వెంట చక్రం నడపాలి. చదును రెక్కకు మందపాటి లేబుల్ టేపు, గుండ్రని పొట్టకు కరెంటు పనివాళ్లు వాడే టేపును సన్నగా కోసి రెండు పొరలుగా వేస్తే సరిపోతుంది. ఒకే ఊపులో, తేలికగా దొర్లించండి. మధ్యలో ఆగితే చివరి గుంటలో పన్ను కూర్చోబెట్టి అక్కడి నుంచే కదలాలి. వేసిన వరుస మీద రెండోసారి నడిపితే గుంటలు జంటలవుతాయి.

ప్రతి గుంట చుట్టూ ప్లాస్టిక్ కొద్దిగా పైకి లేస్తుంది. 1500 నంబరు వాటర్ పేపర్‌ను నీళ్లలో తడిపి రెండు మూడు రుద్దులు రుద్ది, పాత టూత్‌బ్రష్‌తో దుమ్ము తీసేయండి. చాలామంది వదిలేసే మెట్టు ఇదే, అసలు తేడా ఇక్కడే వస్తుంది. దారి తప్పిన వరుసను సూపర్ గ్లూతో పూడ్చి గంటలోపే అరగదీయాలి. ఆలస్యమైతే అది ప్లాస్టిక్ కంటే గట్టిపడి, చుట్టుపక్కల భాగం పల్లమవుతుంది.

ఇంజను మూతల మీద ఉండే పెద్ద బిగింపులకు ఇన్సులిన్ సూది చక్కగా సరిపోతుంది. 31 గేజ్ సూది బయటి వ్యాసం 0.26 మి.మీ., అంటే 1/48లో పన్నెండున్నర మి.మీ. కొత్త సూది మొనను నూనెరాయి మీద అడ్డంగా అరగదీసి, పిన్ వైస్‌లో (సన్నని వాటిని బిగించే చేతి పిడిలో) బిగించి, నిలువుగా ఆనించి మెల్లగా తిప్పితే చిన్న వలయం పడుతుంది.

రంగు పలచగా, ఎయిర్‌బ్రష్‌తో వేయండి. కుంచెతో దట్టంగా పూస్తే రివెట్లన్నీ పూడిపోతాయి. వానాకాలంలో మా కొండల్లో గాలి తడిగా ఉండి లక్కర్ రంగు తెల్లబారుతుంది, ఎండ కాసిన పూట చూసుకోవాలి. మీద మెరుపు వార్నిష్ వేసి, టర్పెంటైన్‌లో పలచన చేసిన ఆయిల్ పెయింట్ వాష్ (గుంటల్లో నిలిచే పలచని రంగు) రాసి, గాలి వీచే దిశలో తుడవండి. నల్లరంగు వద్దు, ముదురు బూడిద చాలు. అన్ని వరుసలకూ రాయనక్కర్లేదు కూడా.

డకోటా రవాణా విమానం కట్టేవారికి మాత్రం దారి వేరు. ఒడిశా ఒకప్పటి ముఖ్యమంత్రి బిజూ పట్నాయక్ నడిపిన డకోటాను 2023 జనవరిలో కోల్‌కతా నుంచి ముక్కలుగా భువనేశ్వర్‌కు తెచ్చాక, ఒడిశాలో ఆ మోడల్ మీద మోజు పెరగడం సహజమే. దాని ఒంటి మీద పైకి ఉబ్బిన తలలే ఎక్కువ, చక్రంతో గుంటలు పెడితే తప్పు. మోనోగ్రామ్ కంపెనీ పాత 1/48 కిట్‌లో ఉబ్బుగానే వచ్చాయి. అతుకు దగ్గర అరిగినచోట, తెల్ల జిగురును సూది మొనతో చుక్కచుక్కగా పెట్టి ఆరనివ్వాలి. ఎక్కువ మేర పోతే, పలచని ప్లాస్టిక్ రేకు వెనకవైపు చక్రం దొర్లించి, ముందువైపు లేచిన బొడిపెలతో ఆ ప్యానెల్‌నే కొత్తగా అతికించండి. దానికి వాష్ బదులు, అసలు రంగు కంటే కొంచెం లేతదాన్ని దాదాపు ఎండిన కుంచెతో అలా తాకిస్తే తలలు తేలతాయి.