ఒకే అక్షరాల మాట ఏ భాషదో తేల్చుకోవడం: ‘అరి’ ఉదాహరణగా

ధనుర్మాసంలో ఆండాళ్ తిరుప్పావైని తెలుగు లిపిలో చదివేవారికి ఆరవ పాశురంలో (పాటలో), మునులూ యోగులూ లేచి చేసే ధ్వని గురించి, ‘అరి యెన్ఱ పేరరవమ్’ (‘అరి’ అనే పెద్ద ధ్వని) అనే మాటలు ఎదురవుతాయి. మనకు తెలిసిన అరి శత్రువు కాబట్టి, మునులూ యోగులూ తెల్లవారుజామున లేచి శత్రువు పేరు తలవడమేమిటన్న సందేహం సహజం. ఇలాంటి చోట నిఘంటువు తెరిచే ముందే ఆ వాక్యం ఏ భాషదో చూసుకోవాలి. ఇది తమిళం.

తరువాత ఆ భాష లిపిని పట్టించుకోవాలి. చాలామంది దీన్ని వదిలేస్తారు గానీ చిక్కు విడేది ఎక్కువగా ఇక్కడే. తమిళుల సొంత అక్షరమాలలో హకారం లేదు కనుక సంస్కృత ‘హరి’ అక్కడ ‘అరి’ అయింది; మునులు పలికింది విష్ణునామం. అదే తమిళంలో ‘తెలుసుకొను’ అనే అర్థంలో ‘అఱి’ కూడా ఉంది. బండి ఱను మామూలు రకారంగా మార్చి అచ్చువేసిన పుస్తకాల్లో ఈ రెండు మాటలూ ఒకటిగానే కనబడతాయి కాబట్టి, వీలైనప్పుడు తమిళ లిపిలోని ప్రతితో సరిచూసుకోవడం మంచిది.

మలయాళంలో అరి అంటే బియ్యం, పచ్చరి అంటే పచ్చి బియ్యం. ఇది తమిళ ‘అరిసి’కి చుట్టం, సంస్కృత శత్రువుతో దీనికి సంబంధం లేదు.

తెలుగు పద్యంలో మరింత జాగ్రత్త కావాలి, ఎందుకంటే శత్రువనే సంస్కృత పదంతో పాటు కప్పం అనే అర్థంలో దేశ్యపదం (సంస్కృతం నుంచి రాని అచ్చ తెలుగు మాట) కూడా మన కావ్యభాషలో ఉంది. ముందు పక్కనున్న మాటను చూడండి. మురారి, అరిషడ్వర్గం లాగా సంస్కృత పదంతో సమాసమైతే అది శత్రువే. సామంతులు రాజుకు చెల్లించే సందర్భంలో విడిగా వస్తే కప్పమేమోనని ఆలోచించాలి. అప్పుడు బహుజనపల్లి సీతారామాచార్యుల శబ్దరత్నాకరం అనే తెలుగు నిఘంటువు తీసి, అర్థం కంటే ముందు పదం పక్కనున్న ‘సం.’ (సంస్కృతం), ‘దే.’ (దేశ్యం) గుర్తులను చదవండి. అర్థం సందర్భానికి అతికినట్టు కనిపించినా, ఆ గుర్తు చూడకుండా వ్యుత్పత్తి (మాట పుట్టుక) చెప్పడం నా దృష్టిలో సరైన పద్ధతి కాదు.

ద్రావిడ భాషల మధ్య చుట్టరికం తేల్చడానికి భాషాశాస్త్రవేత్తలు బరో, ఎమెనోల ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువు ఉంది. మొదట 1961లో వచ్చింది, 1984 నాటి రెండవ కూర్పును వాడండి. అందులో భాషలవారీ పదసూచిక ఉంటుంది. మలయాళ సూచికలో ‘అరి’ని వెతికి, అక్కడిచ్చిన ఆరోప సంఖ్య (చుట్టాలైన మాటలన్నిటినీ ఒకచోట చేర్చిన పద్దు సంఖ్య) దగ్గరకు వెళ్లండి. మన ‘వరి’ దానికి దగ్గరగా వినిపించినంత మాత్రాన రెండింటినీ కలపకుండా, నిఘంటుకర్తలు వాటిని ఒకే సంఖ్య కింద చేర్చారో లేదో చూడండి.