పీజీలో పక్క బెడ్ కుర్రాడు డల్‌గా ఉంటే ఎలా అడగాలి

బెంగళూరు మారతహళ్ళి పీజీ హాస్టళ్ళలో మన తెలుగు పిల్లలు చాలామంది ఉంటారు, వాళ్ళ రూమ్మేట్ల కోసమే ఇది రాస్తున్నా. పోయినేడు మా రూమ్‌లో ఒంగోలు కుర్రాడొకడు ఉండేవాడు, కోర్సు చేస్తూ జాబ్ వెతుక్కుంటూ, రోజూ రాత్రి పెరుగు ప్యాకెట్ తెచ్చి అందరికీ వడ్డించేవాడు. అలాంటోడు కిందకి భోజనానికి రావడం మానేశాడు. బకెట్లో నానేసిన బట్టలు మూడ్రోజులైనా అలాగే ఉన్నాయి, నీళ్ళు కంపు కొడుతున్నాయి, మేమేమో బద్ధకం అని తిట్టుకున్నాం.

అందుకే ముందు మార్పు చూడండి. నిద్ర, తిండి, స్నానం, ఇంటికి ఫోన్ చేయడం, ఇవి రెండు వారాలుగా తేడాగా ఉంటే వదిలేయొద్దు. డిప్రెషన్ ఉందేమో చూడ్డానికి డాక్టర్లు వాడే పీహెచ్‌క్యూ-9 అనే ప్రశ్నల పేపర్‌లో కూడా గత రెండు వారాల గురించే 9 ప్రశ్నలుంటాయి, ఒక్కోదానికి 0 నుంచి 3, మొత్తం 27, 10 లేదా అంతకంటే ఎక్కువొస్తే డాక్టర్‌కి చూపించాలి. 9వ ప్రశ్న చావు ఆలోచనల గురించి, మొత్తం స్కోర్ తక్కువే ఉన్నా దానికి సున్నా రాలేదంటే అదే రోజు మాట్లాడాలి.

అలాగని స్కోర్ మీదే కూర్చోకండి. బ్రెజిల్‌లో 15 ఏళ్ళ పిల్లల గురించి 11 విషయాలు తీసుకుని, బడిలో ఫెయిలవడం, ఒంటరితనం, అమ్మానాన్నలతో పడకపోవడం లాంటివన్నమాట, 18కల్లా డిప్రెషన్ ఎవరికి రావచ్చో అంచనా కట్టారు. మంచి పనే, కానీ అది వందలమందిలో ఎవరికి రిస్క్ ఎక్కువో చెప్తుంది, మీ పక్క బెడ్ వాడికి ఈ రాత్రి ఎలా ఉందో చెప్పదు. ఆత్మహత్యల మీద 50 ఏళ్ళలో వచ్చిన 365 స్టడీలని 2017లో కలిపి చూస్తే, ఏ రిస్క్ ఫ్యాక్టరూ ఒంటరిగా బొమ్మాబొరుసు కంటే పెద్దగా మెరుగ్గా చెప్పలేదని తేలింది. కాబట్టి అడగాల్సింది మనమే.

"ఏరా, అంతా ఓకేనా" అంటే "ఓకే అన్నా" అనేస్తాడు. టెర్రస్ మీదకి తీసుకెళ్ళి "తమ్ముడూ, చచ్చిపోవాలనిపిస్తోందా?" అని సూటిగా అడిగా. అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని భయపడ్డా, కానీ అలా ఏం జరగదని రీసెర్చ్ చెప్తోంది. వాడు పేపర్ టీ కప్పు అంచు చింపుతూ చాలాసేపు మాట్లాడలేదు, తర్వాత "రోజూ అనిపిస్తోందన్నా" అన్నాడు.

అప్పుడు క్లాసులు పీకొద్దు. "అమ్మానాన్న గురించి ఆలోచించు" అస్సలు అనొద్దు, వాళ్ళకి బరువైపోయాననే కదా వాడి బాధ. ఎవరికీ చెప్పనని ఒట్టు కూడా వేయొద్దు. ఎలా చేసుకోవాలో కూడా ఆలోచించానంటే ఒక్క నిమిషం ఒంటరిగా వదలకండి, ప్రమాదమైనవి రూమ్‌లోంచి తీసేయండి, హోసూర్ రోడ్డులో నిమ్హాన్స్ అనే మానసిక వైద్య ఆసుపత్రి ఎమర్జెన్సీ రాత్రీపగలూ ఉంటుంది, ఆటో ఎక్కించి మీరూ వెళ్ళండి. అంత కాకపోయినా 14416కి ఫోన్ చేయండి, అది టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, ఫ్రీ, 24 గంటలూ, తెలుగులో మాట్లాడొచ్చు. ఇప్పటికే ఏదైనా ప్రయత్నం చేసుంటే పోలీస్ కేసవుతుందని ఆగొద్దు, 2017 మెంటల్ హెల్త్‌కేర్ చట్టం 115వ సెక్షన్ అలాంటివాళ్ళని తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నవాళ్ళుగానే చూడాలంటుంది.

మర్నాడు మళ్ళీ అడగండి, ఆ తర్వాత రోజూ అడగండి. మేం ముగ్గురం వంతులేసుకున్నాం, ఒకడు ఓపీ లైన్లో వాడితో నిల్చున్నాడు, ఒకడు వాళ్ళ నాన్నకి ఫోన్ చేసి నెమ్మదిగా చెప్పాడు, నేను ఆ బకెట్ బట్టలు ఉతికి ఆరేశా.