విల్లుతో ఒంటరిగా తొలి మ్యూల్ డీర్ వేట: లెక్క మాంసం మోత దగ్గర మొదలవ్వాలి

ఎదిగిన మగ మ్యూల్ డీర్ (పశ్చిమ అమెరికా కొండల్లో తిరిగే పెద్ద చెవుల జింక) నుంచి ఎముకలు తీసేశాక సుమారు 60 నుంచి 80 పౌండ్ల మాంసం వస్తుంది. టెంటు, స్లీపింగ్ బ్యాగు, తిండి, విల్లు కలిపితే మరో 40. పక్కన ఇంకెవరూ లేరు కాబట్టి ఇదంతా కనీసం రెండు విడతల మోత. వేట కారుకి 2 మైళ్ళ దూరంలో పడితే ఒక మోత, తిరుగు నడక, మళ్ళీ మోత కలిపి 6 మైళ్ళు. 5 మైళ్ళయితే 15. పైగా అది 11,000 అడుగుల ఎత్తు, సెప్టెంబరు మధ్యాహ్నపు ఎండ. రెండో విడత మాంసం చెడిపోయేది ఇక్కడే. మొదటిసారికి కారు నుంచి 2 మైళ్ళు, మహా అయితే 3. మిగతా ప్లానంతా ఈ గీత లోపలే వేసుకోండి.

కొలరాడోనే తీసుకుందాం. అక్కడ విల్లు సీజన్ సెప్టెంబరు 2 నుంచి 30 దాకా. జింక లైసెన్సులన్నీ యూనిట్ల (వేట కోసం విడదీసిన ప్రాంతాల) వారీగా పరిమితం, లాటరీలా డ్రా తీస్తారు. దరఖాస్తు గడువు ఏప్రిల్ మొదటి వారంలోనే అయిపోతుంది. దరఖాస్తుకి ముందే ఒక క్వాలిఫైయింగ్ లైసెన్సు (డ్రాకి అర్హతనిచ్చే వేరే లైసెన్సు) కొనాలి. 1949 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్ళకి హంటర్ ఎడ్యుకేషన్ కార్డు తప్పనిసరి కాబట్టి ఆ క్లాసు చలికాలంలోనే పూర్తి చేసుకోండి. డ్రాలో పేరు రాని ఏడాదికొకటి చొప్పున జమయ్యే ప్రిఫరెన్స్ పాయింట్లు ఇంకా లేని మొదటి ఏడాది పేరుమోసిన యూనిట్ల జోలికి పోవద్దు. నిరుటి డ్రా నివేదిక తీసి, సున్నా పాయింట్లకే ట్యాగు (ఒక జింకని వేటాడే లైసెన్సు చీటీ) వచ్చిన యూనిట్లు వెతకండి. వీసా మీద ఉన్న మనవాళ్ళు తరచూ అడిగేదొకటుంది: ఫెడరల్ చట్టంలో విల్లు ఫైర్‌ఆర్మ్ కిందికి రాదు, కాబట్టి తుపాకీకున్న వీసా ఆంక్షలు దీనికి లేవు. వయోమింగ్ వెళ్ళాలనుకునే బయటి రాష్ట్రాలవాళ్ళు మాత్రం ఒకటి గమనించాలి. అక్కడి ఫెడరల్ విల్డర్‌నెస్ ప్రాంతాల్లో గైడు లేకుండా వాళ్ళు పెద్ద జంతువుల్ని వేటాడకూడదు.

కొలరాడోలో విల్లు తాడు లాగే బలం కనీసం 35 పౌండ్లు ఉండాలి, బ్రాడ్‌హెడ్ (వేటబాణం కొసన ఉండే పదునైన బ్లేడ్ల మొన) వెడల్పు కనీసం 7/8 అంగుళం ఉండాలి. చేతనైతే 50 పౌండ్ల పైన పెట్టుకోండి, బాణం మొత్తం బరువు 400 నుంచి 500 గ్రెయిన్లు (సుమారు 26 నుంచి 32 గ్రాములు) ఉంటే మంచిది. ఫీల్డ్ పాయింట్‌తో (సాధనకి వాడే మామూలు మొన) సూటిగా పోయే బాణం బ్రాడ్‌హెడ్ పెట్టగానే పక్కకు పోతుంటే విల్లు ట్యూనింగ్ సరిగా లేదని అర్థం. జులైలోగా సరిచేయించండి. మీ హద్దు తేల్చుకోడానికి ఇలా చేయండి: రోజూ చేతులు వేడెక్కకముందు ఒక్కటే బాణం, మోకాళ్ళ మీద కూర్చుని, బ్యాగు భుజానుంచుకుని. 10 రోజుల్లో పదికి పది బాణాలూ 6 అంగుళాల పళ్ళెంలో పడిన దూరమే మీ హద్దు. 30 గజాలు తేలితే 30 గజాలే. కొండమీద 45 కనిపిస్తే బాణం వదలొద్దు.

పొంచి వెళ్ళడం

తెల్లవారకముందే ఎదుటి గట్టెక్కి, 10x42 బైనాక్యులర్‌ని ట్రైపాడ్ మీద పెట్టి కూర్చోండి. చేత్తో పట్టుకుని చూస్తే నీడలో చెవి అదిరినా, పొద మీద కొమ్ముకొస కదిలినా కంటికి ఆనదు. జింక మేత ముగించి పడుకుంటుంది, కానీ అప్పుడే బయల్దేరకండి. ఎండ పడక మీదికి రాగానే, 10, 11 గంటలప్పుడు, లేచి నీడలోకి మారి మళ్ళీ పడుకుంటుంది. మీరు వెళ్ళాల్సింది ఆ రెండో పడకకే. కదిలే ముందు ఫోనులో ఫొటో తీసుకోండి. పైనుంచి చూస్తే అన్ని రాళ్ళూ ఒకేలా ఉంటాయి, కొండ వెనక నుంచి తిరిగి వచ్చేసరికి గుర్తు తప్పుతుంది.

అసలు చిక్కు గాలితో. రాత్రంతా చల్లబడ్డ గాలి లోయలోకి జారుతుంది. ఎండెక్కాక కొండవాలు వేడెక్కి గాలి పైకి లేస్తుంది. ఈ రెండింటికీ మధ్య గంటా గంటన్నర అది ఏ దిక్కూ పట్టకుండా సుడి తిరుగుతుంది, ఆ వేళలో ఒక్క అడుగూ వేయొద్దు. పైకి వీయడం నిలకడగా మొదలయ్యాకే పైనుంచి దిగండి. చిన్న సీసాలో టాల్కం పౌడరు పెట్టుకుని నిమిషానికోసారి నొక్కి చూడండి. మబ్బు కమ్మితే గాలి ఒక్కసారిగా తిరగబడుతుంది, వెంటనే వెనక్కి తప్పుకోండి. మనిషి వాసన తగిలిన జింక ఆ కొండే విడిచిపోతుంది.

చివరి 100 గజాలు బూట్లు విప్పి మందపాటి ఉన్ని మేజోళ్ళతో నడవండి. అడుగు మొత్తం మోపే ముందు వేళ్ళతో రాయి కదులుతుందేమో చూసుకోండి. హద్దులోకి చేరాక అది లేచేదాకా కాచుకోవాలి, రెండు మూడు గంటలైనా సరే. ఈలవేసి, రాయి విసిరి లేపితే అది మీ వైపే చూస్తూ ఒళ్ళంతా బిగించి లేస్తుంది, తాడు చప్పుడుకే దూకేస్తుంది. తనంతట తాను లేచినప్పుడు ఒళ్ళు విరుచుకుంటుంది, ఆ కొన్ని సెకన్లే మీవి. 30 డిగ్రీల వాలులో 40 గజాలని కనిపించేదాన్ని 35 గజాలుగా కొట్టాలి. చేయి దించకుండా నడుము దగ్గర వంగండి. పక్కకు తిరిగి ఉన్నప్పుడు తప్ప వదలొద్దు.

ఊపిరితిత్తులకి తగిలిందని నమ్మకం ఉన్నా అరగంట ఆగండి. బాణం మీద ముదురు ఎరుపు కనిపిస్తే కాలేయం, 4 నుంచి 6 గంటలు ఆగాలి. ఆకుపచ్చ పసరు, పేడ వాసన ఉంటే పొట్ట, 8 నుంచి 12 గంటలు. తొందరపడి తరిమితే గాయపడ్డ జంతువు దొరకకుండానే పోతుంది. అంతకన్నా పెద్ద తప్పు ఈ వేటలో లేదు.

దొరకగానే ముందు ట్యాగు. పొట్ట కోయక్కర్లేదు. పక్కకు పడుకోబెట్టి, వెన్నెముక వెంబడి చర్మం చీల్చి కిందికి ఒలవండి. ముందుకాలికి కీలు లేదు, కండ కోస్తే ఊడొస్తుంది. తర్వాత వెన్నుకండ, తొడ. తొడలోపలి ఎముక చుట్టూ వేడి చిక్కుకుని మాంసం పులుస్తుంది కాబట్టి ఎముక వెంబడి చీల్చి తెరిచి ఉంచండి. మగదని తెలిపే వృషణాన్ని తొడ కండకే అతుక్కుని ఉండనివ్వాలి, చట్టం అది అడుగుతుంది. గుడ్డసంచుల్లో వేసి, గాలాడే నీడలో కొమ్మకి కట్టండి. మోసుకెళ్ళేటప్పుడు వేరే వేటగాళ్ళకి కనిపించేలా బ్యాగు మీద నారింజ రంగు గుడ్డ ఉండాలి.

సాయంత్రం ఒకే వేళకి శాటిలైట్ మెసెంజర్‌లో (సెల్ సిగ్నల్ లేనిచోటా పనిచేసే పరికరం) ఇంటికి మెసేజ్ పెట్టండి. కారు నంబరు, ట్రైల్‌హెడ్ (కాలిబాట మొదలయ్యే చోటు) పేరు, ఫలానా గంటకి మెసేజ్ రాకపోతే ఆ కౌంటీ షెరీఫ్‌కి ఫోన్ చేయమని కాగితం మీద రాసిచ్చి వెళ్ళండి. వెతికే బాధ్యత అక్కడ షెరీఫ్‌ది. విల్లులో బాణం పెట్టుకుని రాళ్ళెక్కకండి.

జింకల మెదడుని దెబ్బతీసి చంపే క్రానిక్ వేస్టింగ్ డిసీజ్‌ని మొదట 1967లో కొలరాడోలోనే, దొడ్డిలో పెంచిన మ్యూల్ డీర్‌లలో గుర్తించారు. తలని రాష్ట్ర వన్యప్రాణి శాఖకి పరీక్షకివ్వండి. కొవ్వు మొత్తం తీసేసి, జబ్బ కీమాకి, తొడ ఇగురుకి విడివిడిగా కట్టి, పరీక్ష నంబరు ప్రతి ప్యాకెట్టు మీదా రాసి ఫ్రీజర్లో పెట్టండి. ఫలితం వచ్చేదాకా ఏదీ పొయ్యి ఎక్కకూడదు, వ్యాధి ఉందని తేలితే అంతా పారేయాలి.