నెలసరి నొప్పికి మాత్ర ఎప్పుడు వేసుకోవాలి?

తిరుపతి, చిత్తూరు వైపు నెలసరి నొప్పితో బడి మానేసిన అమ్మాయికి ఇంట్లో మొదట వినిపించే మాట "ఆడపుట్టుక పుట్టినాక ఇవన్నీ ఉండేవే, ఓర్చుకోవల్ల" అన్నదే. నొప్పి రావడం సహజమే గాని, పళ్లబిగువున భరించవలసిన పని లేదు.

ప్రతినెలా ఊడిపోయే గర్భాశయపు లోపొరలో ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలు తయారై, గర్భాశయ కండరాన్ని గట్టిగా బిగపట్టి, దానికి అందే రక్తాన్ని తగ్గిస్తాయి. పొత్తికడుపును మెలిపెట్టే నొప్పి, నడుముకూ తొడలకూ పాకే లాగుడు వాటివల్లనే వస్తాయి. అవే పేగుల మీదా పనిచేస్తాయి కనుక కొందరికి వాంతులు, విరేచనాలు కూడా అవుతాయి. పెద్దమనిషి అయిన తొలి నెలల్లో అండం క్రమంగా విడుదల కాదు కాబట్టి నొప్పి అంతగా ఉండదు. తరువాత ఏడాది రెండేళ్లలో మొదలవుతుంది. మొన్నటిదాకా బాగానే ఉన్న పిల్ల ఇప్పుడు సాకులు చెబుతోందనుకోవడం అందుకే అన్యాయం.

ఐబుప్రొఫెన్, మెఫెనమిక్ యాసిడ్ వంటి మాత్రలు ఈ రసాయనాలు తయారు కాకుండా అడ్డుపడతాయి. చాలామంది తట్టుకోలేని స్థితి వచ్చాక, గత్యంతరం లేక వేసుకుంటారు. అప్పటికే రసాయనాలు తయారై ఉంటాయి గనుక మాత్ర పనిచేయలేదనిపిస్తుంది. స్రావం కనిపించగానే, లేదా నొప్పి మొదలవుతున్నట్టు తెలియగానే ఏదైనా తిని వేసుకోవాలి. 12 ఏళ్లు దాటినవారికి ఐబుప్రొఫెన్ 200 నుంచి 400 మి.గ్రా., రోజుకు 3 సార్లకు మించకుండా, మొదటి రెండు మూడు రోజులు సరిపోతుంది. మొదటిసారి డాక్టరును అడిగి మోతాదు తెలుసుకోవడం మేలు. ఆస్తమా, కడుపులో పుండు, మూత్రపిండాల జబ్బు ఉన్నవారు వీటిని సొంతంగా వాడకూడదు. జ్వరం కూడా ఉంటే డెంగీ కాదని తేలేదాకా ముట్టుకోరాదు. మెఫెనమిక్ యాసిడ్ వల్ల అరుదుగా తీవ్రమైన అలర్జీ రావచ్చని 2023లో మందుల ప్రమాణాలు చూసే కేంద్రప్రభుత్వ సంస్థ ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ హెచ్చరించింది. దద్దుర్లు, జ్వరం, ముఖం వాపు కనిపిస్తే మాత్ర ఆపి వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

ముందే సిద్ధంగా ఉండాలంటే తేదీ గుర్తుండాలి. గోడమీది దేవస్థానం క్యాలెండరులో ఈ తేదీలకు సున్నా చుట్టడానికి కొన్ని ఇళ్లలో మనసొప్పదు. నోటుపుస్తకం చివరి పేజీ చాలు. తేదీతో పాటు నొప్పి ఎన్ని రోజులుంది, ఎన్ని ప్యాడ్లు మార్చవలసి వచ్చింది అన్నవి రాసుకుంటే డాక్టరుకు సగం పని తగ్గుతుంది.

వేడి కాపడం మాత్రతో పోటీపడే ఉపాయం. హాస్టల్లో వేడినీళ్ల బ్యాగు లేకపోతే, మరీ మరగని నీళ్లు స్టీలు సీసాలో నింపి, మూత బిగించి, తువ్వాలు చుట్టి, బట్టల మీదుగా పొత్తికడుపుపై పదిహేను ఇరవై నిమిషాలు ఉంచుకోవచ్చు. ఒంటికి నేరుగా తగిలితే చర్మం కాలుతుంది. మిగతా రోజుల్లో చురుగ్గా నడవడం, ఆడటం కూడా నొప్పిని తగ్గిస్తాయి. తిండికి పథ్యం ఏదీ లేదు. రాగిసంగటి, ఆకుకూరలు, చెనక్కాయల ఉండలు, బళ్లో వారానికొకసారి ఇచ్చే నీలిరంగు ఐరన్ మాత్ర నొప్పిని తగ్గించవు గాని, రక్తం పోయే వయసు పిల్లకు అవసరం.

మూడు నెలలు మాత్రలు సరిగా వాడాక కూడా తగ్గకపోయినా, నొప్పి నెలనెలా పెరుగుతున్నా, నెలసరి కాని రోజుల్లోనూ వస్తున్నా, గంటకో రెండు గంటలకో ప్యాడు తడిసిపోతున్నా, స్రావం ఏడు రోజులు దాటినా ఎండోమెట్రియోసిస్ (గర్భాశయపు లోపొర వంటిది గర్భాశయం బయట పెరిగే జబ్బు) వంటి కారణాలు ఉన్నాయేమో చూపించుకోవాలి. తిరుపతిలోని ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రిలో గాని, చిత్తూరు జిల్లా ఆసుపత్రిలో గాని స్త్రీల వైద్యులను కలవవచ్చు. పెళ్లికాని పిల్లకు లోపలి పరీక్ష చేస్తారేమోనన్న భయంతోనే చాలామంది తల్లులు వెనకాడతారు. సాధారణంగా ఈ వయసువారికి పొట్ట మీదనుంచే స్కానింగ్ తీస్తారు, అందుకు నీళ్లు బాగా తాగి, మూత్రం ఆపుకొని వెళితే చాలు.